చిత్రము నాదమైనప్పుడు

భగవంతుడు మనకు కన్నులను, చెవులను వేరువేరుగా ప్రసాదించెను. కన్ను వినజాలదు, చెవి చూడజాలదు. అయినను భక్తుని హృదయమునందు ఈ రెండును ఒకే తావునకు చేరుచున్నవి. హరికథ వినుచున్న వృద్ధురాలు కన్నులు మూసికొని గజేంద్రుని సరస్సును చూచుచున్నది. గుడిగోడపై వేణుగోపాలుని చిత్రము చూచుచున్న బాలునకు, ఎవరును ఊదని పిల్లనగ్రోవి వినబడుచున్నది. చూచినది వినబడుట, విన్నది కనబడుట అను ఈ వింత లేనిచో భక్తియే లేదనవచ్చును.

ఈ వింతను ఆధారము చేసికొని పుట్టిన సంగీతము ఒకటి లోకమున కలదు. దైవచిత్రము నొకదానిని మనసునం దుంచుకొని, మాటల తోడు లేకుండ, ముగ్గురో నలుగురో వాద్యకారులు ఒక చిన్న మందిరములో వాయించుటకై కూర్చిన సంగీతమది. పాశ్చాత్యులు ఇట్టి చిన్న మేళపు సంగీతమును ఛాంబర్ సంగీతమందురు. మన పెద్దల యింటి చావడిలో పదిమంది రసికుల నడుమ జరిగిన వీణకచేరీ వంటిదని మనము భావించుకొనవచ్చును. అక్కడ దైవచిత్రములనుండి ఇట్టి సంగీతము పూర్వమును పుట్టినది. మన కాలమునను పుట్టుచున్నది. దీనిని గూర్చి ఆలోచించునప్పుడు రెండు ప్రశ్నలు కలుగును. పవిత్రమైన చిత్రము నాదముగా మారినప్పుడు నిలుచునదేది, జారిపోవునదేది? నాదము మన కడ నిలిచియున్నచో చిత్రము మాసిపోయినను చింత లేదా? మొదటిది రసికుల ప్రశ్న. రెండవది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. ఉత్తరాంధ్రమున మనకు ఈ రెండవ ప్రశ్న మిక్కిలి దగ్గరిది.

శ్రీకూర్మ ప్రాకారములోని ప్రశ్న

ఎచ్చెర్ల ప్రాంతపు వైష్ణవ గృహస్థులకు శ్రీకూర్మము దూరదేశపు యాత్ర కాదు. నాగావళిని దాటి, శ్రీకాకుళము మీదుగా గార మండలమునకు పోయినచో స్వామి సన్నిధి చేరుదుము. కూర్మావతారమును మూలమూర్తిగా కొలుచు ఆలయము లోకమున మిక్కిలి అరుదు. స్వామి పడమటి ముఖముగా వేంచేసియుండుట, ఆలయమునకు రెండు ధ్వజస్తంభము లుండుట ఇచ్చటి విశేషములు. శ్వేతపుష్కరిణిలో స్నానము చేసి, పితృకార్యములు జరిపించుకొని, స్తంభములపై శాసనములను తడవి చూచుకొనుచు ప్రదక్షిణము చేయుట తరతరముల ఆచారము. ఆ శాసనములలో మధ్వాచార్యుల శిష్యులైన నరహరితీర్థుల 1281 నాటి శాసనము ప్రసిద్ధమైనది.

శాసనములను చదువలేనివారికి కూడ ఆ ప్రాకారమున చదువుకొనదగిన గ్రంథము కలదు. ప్రదక్షిణ మండపపు గోడలపై విష్ణులీలలు, అవతారగాథలు రంగులతో వ్రాయబడియున్నవి. వాటిలో ఆంధ్రదేశపు వాటము, కళింగపు ఛాయ కలిసి కనబడుచున్నవి. తిరుగుచున్న భక్తుని అడుగులతోపాటు కథయును సాగవలెనని చిత్రకారుడు తలచెను. కాని నేడు ఆ చిత్రములలో అనేకము వెలిసిపోయినవి. కొన్నింట ముఖము పోయి కిరీటము మిగిలినది. కొన్నింట పాదములు పోయి పద్మము మిగిలినది. తేమ, ఉప్పుగాలి, కాలము కొంత చెరిపినవి. మిగిలినది మనుష్యులు చెరిపినది. గోడకు ఆనుకొని కూర్చుండు యాత్రికుని వీపు, దీపపు మసి, నూనె చేతులు, మేకుతో గీసిన పేర్లు - ఇవన్నియు ఏ గుడి గోడనైనను తరుగజేయును.

ఇట్టి గోడయెదుట నిలిచి, 'చిత్రము పోయిననేమి? ఛాయాచిత్రములు తీసికొన్నాము. పాటలున్నవి, కీర్తనలున్నవి, కథ అందరికిని తెలిసినదే' అనువారు కలరు. ఈ మాటలో దురుద్దేశము లేదు. సారము గ్రహించితిమి కావున ఆకారము పోయినను నష్టము లేదను వేదాంతచ్ఛాయ ఇందు కలదు. అందుచేతనే దీనిని ఓపికతో పరిశీలింపవలసియున్నది.

శాస్త్రము చెప్పిన మాట

భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు అర్చావిధిని ఉపదేశించుచు ప్రతిమలు ఎనిమిది విధములని చెప్పెను. శిల, దారువు, లోహము, మృత్తికాది లేపములు, ఇసుక, మణులు - వీటితో చేయబడు ఆరింటితోపాటు, వ్రాయబడిన ప్రతిమ యొకటి, మనసులో నిర్మింపబడిన ప్రతిమ యొకటి. చూడుడు! గోడమీది చిత్రమును, భక్తుని మనసులోని రూపమును భగవంతుడు ఒకే పట్టికలో చేర్చెను. ఒకటి పైది, ఒకటి క్రిందిది అని చెప్పలేదు. ఒకటి లభించినచో మరియొకటి అక్కరలేదనియు చెప్పలేదు. ఆగమశిల్ప గ్రంథములును అన్నివైపుల చెక్కిన మూర్తిని చిత్రమనియు, సగము చెక్కినదానిని అర్ధచిత్రమనియు, గోడపైనను వస్త్రముపైనను వ్రాసినదానిని చిత్రాభాసమనియు పేర్కొని, వర్ణచిత్రమునకు కూడ దైవరూపములలో స్థానము కల్పించినవి.

చిత్రమునకు సంగీతమునకు గల బంధుత్వమును విష్ణుధర్మోత్తరము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ గ్రంథపు తృతీయ ఖండమున వజ్రుడను రాజు మార్కండేయ మహర్షిని దేవతామూర్తులను నిర్మించు విధానము బోధింపుమని అడుగును. మహర్షి, చిత్రసూత్రము తెలియనివానికి ప్రతిమాలక్షణము తెలియదనును. చిత్రసూత్రమునకు నృత్తశాస్త్రము, దానికి వాద్యము, వాద్యమునకు గీతము తెలియవలెనని వరుసగా చెప్పుకొనిపోవును. రాతిని చెక్కదలచినవాడు మొదట పాడుట నేర్చుకొనవలెనన్నమాట! ఈ మెట్లలో గీతము అడుగున నున్నది. మూర్తి పైన నున్నది. నాదము చిత్రమును మోయుచున్నది, చిత్రము మూర్తిని మోయుచున్నది. మోయువాడు మోయబడు దానిని తొలగించి తాను దాని స్థానమున కూర్చుండడు. మందరమును మోసిన కూర్మనాథుని యెడ ఈ ధర్మమును మనకంటె ఎవరు బాగుగ ఎరుగుదురు?

పరదేశపు రెండు నిదర్శనములు

నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గు నగరమున పదునేడవ శతాబ్దిని హైన్రిష్ బీబర్ అను వాయులీన విద్వాంసుడుండెను. క్రైస్తవులు జపమాలతో ధ్యానించు మేరీమాత, ఏసు జీవితములలోని పదునైదు ఘట్టములపై ఆయన 1676 ప్రాంతమున పదునైదు రచనలు కూర్చెను. వాయులీనమును, దానికి తోడుగా శ్రుతినిచ్చు వాద్యములును తప్ప వేరొక ఆర్భాటము లేదు. మాట యొక్కటియును లేదు. వ్రాతప్రతిలో ఒక్కొక్క రచనకు ముందు ఆ ఘట్టమును చూపు చిన్న ముద్రిత చిత్రమొకటి అతికింపబడియున్నది. చివర పదునారవదిగా ఒంటరి వాయులీనమునకు మరియొక రచన కలదు. దాని ముందున్న చిత్రమున, శిశువు చేయి పట్టుకొని నడిపించు రక్షకదేవత కానవచ్చును.

ఇందులో మనము గమనింపదగిన విశేషము వేరొకటి కలదు. మొదటి రచనకును చివరి రచనకును తప్ప, మిగిలిన ప్రతిదానికిని బీబర్ వాయులీనపు తీగల శ్రుతినే మార్చెను. పునరుత్థాన ఘట్టమునకు నడిమి రెండు తీగలను ఒకదానిపై నొకటి అడ్డముగా దాటించి బిగింపవలెను. శిలువ గుర్తు వాద్యము శరీరముమీదనే ఏర్పడును. అనగా ప్రతి చిత్రము ఎదుటను వాద్యము తన అలవాటును విడిచి, కొత్తగా శ్రుతి చేసికొనవలసియున్నది. వాయించువాని వ్రేళ్ళకు పరిచితమైన తావులు మారిపోవును. చిత్రము సంగీతమునకు కేవలము వస్తువు కాలేదు, గురువైనది. ఆ చిత్రములను వ్రాతప్రతినుండి తొలగించి పాటను మాత్రము చాలుననుకొనలేదు. సంగీతము చిత్రము క్రిందనే కూర్చున్నది.

రెండవ నిదర్శనము మన కాలమునకు దగ్గరిది. అమెరికాలోని హ్యూస్టన్ నగరమున 1971లో ఒక ధ్యానమందిరము తెరువబడినది. మార్క్ రోత్కో అను చిత్రకారుడు దానికై పదునాలుగు పెద్ద చిత్రములు వ్రాసి, మందిరము తెరువబడకమునుపే 1970లో కన్నుమూసెను. ఆ చిత్రములలో దేవతారూపము లేదు, కథ లేదు. నలుపును, ముదురు ఊదాయును ఒకదానిలో నొకటి కరగుచున్న నిశ్శబ్దము మాత్రము కలదు. ఆయన మిత్రుడైన మోర్టన్ ఫెల్డ్‌మన్ 1971లో ఆ మందిరమునకై సంగీతము కూర్చెను. ఒక వయోలా, ఒక సెలెస్టా, కొన్ని తాళవాద్యములు, అర్థమున్న పదమేదియు పలుకని కంఠములు - ఇంతియే మేళము. మిక్కిలి మెల్లగా సాగు ఆ సంగీతము చివర, ఫెల్డ్‌మన్ తన బాల్యమున కట్టుకొన్న ఒక సరళమైన గీతిక వయోలాపై వినవచ్చును. 1972లో ఆ చిత్రముల నడుమనే దానిని మొదట వినిపించిరి.

సాకారోపాసకులమైన మనకు రూపము లేని ఆ చిత్రములు కొంత కొత్తగా తోచవచ్చును. శంఖచక్రములు లేని చోట మన మనసు ఆధారమునకై వెదకుకొనును. అయినను ఒక సత్యమును మనము గౌరవింపవలెను. చిత్రకారుడు గతించిన పిదప మిత్రుడు ఆ చిత్రములకు ప్రతినిధిగా సంగీతమును చేయలేదు. ఆ చిత్రముల యొద్ద కూర్చుండుటకు సంగీతమును చేసెను. ఇరువురి మధ్య మూడు శతాబ్దుల దూరమున్నను, బీబర్ చేసినదియు అదియే.

తెలుగునాట పటము, పాట

మనకు ఇట్టిది లేదా యని విచారింప నక్కరలేదు. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాయు పటములు తెలుగువారి సొత్తు. గుడ్డపై గంజియు సుద్దయు పూసి, ఎర్రని నేలపై గాథను వరుసలుగా వ్రాసి, ముప్పది అడుగులకు మించిన పటమును చుట్టగా చుట్టి కథకునకు ఇత్తురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను ఇట్టి పటములు చూపుచు పాడి వినిపించుట ఆచారము. ఒకడు పటమును విప్పి చూపుచు పాడును. ఒకరిద్దరు వంత పాడుదురు. తాళమో, మద్దెలయో, హార్మోనియమో తోడుండును. చిన్న మేళము, దైవచిత్రము, దానినుండి పుట్టిన పాట - మూడును ఒకే రాత్రి ఒకే అరుగుపై కలిసికొనుచున్నవి.

కథకునకు ఆ గాథయంతయు కంఠస్థమే. కన్నులు మూసికొని తెల్లవార్లును పాడగలడు. పటము లేకున్నను ఒక్క ఘట్టమును తప్పిపోడు. అయినను పటము లేనిదే అతడు కథ ఆరంభింపడు. కథకు ముందు పటమునకు పూజ జరుగును. పటము జీర్ణించి పనికిరానప్పుడు దానిని మూలన పడవేయక, సాగనంపు విధి జరిపి నదిలో నిమజ్జనము చేయుదురు; కొత్త పటము వ్రాయించుకొందురు. 'పాట వచ్చును కదా, పటమెందులకు?' అని ఆ కథకుడు ఏనాడును అడుగలేదు. పండితులు తర్కించి తేల్చవలసిన దానిని ఆ నిరాడంబరుడు ఆచారముననే తేల్చియున్నాడు.

ఉత్తరాంధ్రమున ఈ సంబంధము మరియొక రూపమున వర్ధిల్లెను. అజ్జాడలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు పటము లేకయే, కాలిగజ్జెలతో, చేతితాళములతో, ఒక్క దేహముతో హరికథను కన్నులకు కట్టించిరి. విజయనగరమున 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు ఆయనయే ప్రథమాధ్యక్షులు. అదే కళాశాలలో వాయులీన ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు పదము పలుకని వాయులీనముపై సాహిత్యభావమును వినిపించి రసికులను తన్మయులను చేసిరి. బొబ్బిలి దాపున గొల్లపల్లిలో పనసమ్రాను నొక్కటిగా తొలిచి వీణ చేయు శిల్పులు నేటికిని కలరు. సరస్వతి వీణకు కచ్ఛపి యని పేరు. కచ్ఛపమనగా తాబేలు. శ్రీకూర్మనాథుని సీమలో వీణ పుట్టుట ఎంత ఉచితము!

నాదము ఇచ్చునది, ఇవ్వలేనిది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఈ సీమకు చెందిన వైణికుడొకడు, తోడుగా ఒక వాయులీనము, ఒక మృదంగము, ఒక తంబుర నుంచుకొని, సముద్రమథన చిత్రమును మనసులో నిలిపి సంగీతము కూర్చినాడనుకొందము. అతడు మనకు ఏమి ఇయ్యగలడు?

చిత్రము ఒక్క క్షణమును నిలిపి చూపును. దేవతలు ఒకవైపు, రాక్షసులు ఒకవైపు వాసుకిని పట్టుకొనియుందురు, నడుమ మందరము, అడుగున కూర్మము. అన్నియు ఒక్కసారిగా కన్నులకు లభించును. కాని మథనము ఒక్క క్షణపు పని కాదు. లాగుట, వదలుట, అలయుట, మరల లాగుట - ఈ దీర్ఘశ్రమను చిత్రము చెప్పజాలదు, నాదము చెప్పగలదు. ఏలయన నాదము కాలమునందే జీవించును. ఇంకొక విశేషము. చిత్రకారుడు కూర్మమును మనకు కనబడునట్లు వ్రాయక తప్పదు. నిజమునకు మథన సమయమున స్వామి నీటి అడుగున నుండెను. పైనున్నవారు తమ బలముచే కొండ తిరుగుచున్నదని తలచియుందురు. కనబడక మోయుటయే ఆ అవతారపు మహిమ. ఎచ్చెర్ల మండలపు తీరగ్రామములలో సముద్రఘోష వినుచు పెరిగినవారికి, అలల క్రింద ఎంత నిశ్చలత కలదో తెలియును. సంగీతమున ఈ స్థానము శ్రుతిది. తంబుర మ్రోగుచునే యుండును. ఎవరును దానిని ప్రత్యేకముగ వినరు. అది యాగినచో రాగమంతయు కూలిపోవును. స్వరముల మందరమును వీపున మోయుచున్న ఆ శ్రుతిని విన్నప్పుడు, చిత్రమున కన్నులు చూడలేని కూర్మతత్త్వమును చెవి గ్రహించును. ఇది నాదము మనకు చేయు మహోపకారము.

అతడు ఇయ్యలేనిది ఏది? పేరు. మాట లేని సంగీతము శ్రమను, శాంతిని, కరుణను, విజయమును తెలుపగలదు గాని, ఎవరి కరుణయో తెలుపలేదు. మథన సంగీతమును చిత్రము చూడనివాడు విన్నచో, పడవ లాగుచున్న జాలరుల శ్రమ యనుకొన వచ్చును. అది తప్పును కాదు. కాని శంఖచక్రములు ధరించినవాడు ఎవరో, ఆ నీలవర్ణము ఎవరిదో చిత్రమే చెప్పవలెను.

ఉషాకన్య కథ ఇచ్చట స్మరింపదగినది. భాగవత దశమ స్కంధమున ఉష స్వప్నమునందు ఒక పురుషుని చూచి ప్రేమించెను. అనుభవము పూర్ణముగ కలిగినది. కాని అతడెవరో తెలియదు. మేల్కొని విలపించుచున్న సఖియెదుట చిత్రలేఖ దేవతలను, గంధర్వులను, రాజులను వరుసగా వ్రాసి చూపెను. యాదవుల యొద్దకు వచ్చి, ప్రద్యుమ్నుని చూచినంతనే ఉష సిగ్గుపడెను. అనిరుద్ధుని చూచినంతనే 'ఇతడే' యని తల వంచుకొనెను. స్వప్నము రసమును ఇచ్చినది. చిత్రము ఆ రసమునకు నాథుని చూపినది. సంగీతముచే కరగిన హృదయము ఉష వంటిది. దానికి చిత్రలేఖ యొకతె అవసరము.

పూర్వపక్షము - సమాధానము

ఇక ధర్మప్రశ్న. పూర్వపక్షి ఇట్లనవచ్చును: 'భగవంతుడు అంతర్యామి. మనసులోని ప్రతిమయు ప్రతిమయేయని మీరే చెప్పితిరి. నాదము చిత్రమును మనసులోనికి చేర్చినది. ఇక సున్నపు గోడతో పని యేమి? గోడ నశ్వరము, నాదము శాశ్వతము.'

సమాధానము మూడు విధములు. మొదటిది: నాదము శాశ్వతమనుట వాస్తవము కాదు. గోడ శతాబ్దములు నిలుచును. స్వరము పుట్టిన క్షణముననే లయించును. దానిని నిలుపునది శిష్యుని కంఠము, వాద్యము, వ్రాతప్రతి - ఇవన్నియు గోడవలెనే నశ్వరములు. బీబర్ రచనలు 1905లో అచ్చగు వరకు వ్రాతప్రతిలోనే యుండినవి. ఆ కాగితములు నశించినచో ఆ సంగీతము లేదు. కావున ఒక నశ్వరమును కాపాడుటకు బద్ధకించువాడు మరియొక నశ్వరమును కాపాడునని నమ్ముటెట్లు?

రెండవది: మనసులోనికి చేరినది నా యొక్కనికే చేరినది. నేను చూచి, విని, లోన నిలుపుకొన్న రూపము నాతో పోవును. నా మనుమనికి దానిని ఇచ్చుటెట్లు? అతడు తన కన్నులతో చూచి, తన మనసున తన ప్రతిమను కట్టుకొనవలెను. గోడ మీది చిత్రము చదువు లేనివానికి, పరదేశమునుండి వచ్చినవానికి, రేపు పుట్టువానికి సమముగా ద్వారము తెరచియుండును. ఆ ద్వారమును మూసి, 'నేను లోనికి వచ్చితిని, చాలును' అనుట భక్తి కాదు.

మూడవది ముఖ్యమైనది. పరము, వ్యూహము, విభవము, అంతర్యామి, అర్చ యని భగవంతుడు ఐదు రూపముల నున్నాడు. వీటిలో అర్చారూపమునకు ఒక అపూర్వ లక్షణము కలదని పిళ్ళైలోకాచార్యులు తత్త్వత్రయమున తెలిపిరి. సర్వస్వతంత్రుడైనవాడు అర్చయందు తన స్వాతంత్ర్యమును దాచుకొని, స్నానమునకు, ఆహారమునకు, వస్త్రమునకు భక్తునిపై ఆధారపడినవానివలె నుండును. సర్వజ్ఞుడై తెలియనివానివలె, సర్వశక్తుడై శక్తిలేనివానివలె నుండును. అంతర్యామికి మన రక్షణ అక్కరలేదు. అర్చామూర్తి మాత్రము తన్ను మన చేతులలో పెట్టుకొనెను. గోడమీది చిత్రమునకు గర్భాలయమూర్తికి వలె నిత్యార్చన లేకున్నను, అదియు ఆయన ధరించిన వర్ణరూపమే. తేమకు ఉబ్బుచున్న ఆ సున్నపు పొరలో ఆయన మన దయకై వేచియున్నవానివలె నున్నాడు.

పిళ్ళైలోకాచార్యులు దీనిని గ్రంథమున వ్రాసి ఊరకుండలేదు. 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగముపైకి వచ్చినప్పుడు, మూలమూర్తి కనబడకుండ గోడ కట్టించి, ఉత్సవమూర్తిని తీసికొని ఆ వృద్ధాచార్యుడు శిష్యులతో అడవిదారి పట్టెనని, శ్రమచే జ్యోతిష్కుడియందు పరమపదించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ మూర్తి చోటు చోటున తిరిగి, తిరుమలలోను చిరకాలము పూజలందుకొని, 1371లో శ్రీరంగము చేరెను. తిరుమల యాత్రికులకు రంగనాయకుల మండపము తెలిసినదే. ఆలోచింపుడు! నాలాయిర దివ్యప్రబంధము ఆ ఆచార్యునకు కంఠస్థము. స్వామి ఆయన హృదయమున నిరంతరము వేంచేసియున్నవాడు. 'పాశురములు నా కంఠమున నున్నవి, స్వామి నా హృదయమున నున్నాడు, విగ్రహము పోయినను చింత లేదు' అని ఆయన తలచినచో, తలచుటకు ఆయనకంటె అర్హుడెవడు? ఆయన అట్లు తలచలేదు. ప్రాణమునే ఇచ్చెను.

నాదము మూర్తి యెడ ఎట్లుండవలెనో తెలిపినవారు తిరుప్పాణాళ్వారులు. ఆయన పాణర్ కులమున పెరిగిన గాయకుడు. వీణ ఆయన సొత్తు. లోకసారంగముని భుజములపై సన్నిధికి చేరి, శ్రీరంగనాథుని పాదములు మొదలుకొని కన్నుల వరకు ఒక్కొక్క అవయవమును చూచుచు పది పాశురములు పాడి, ఆ రూపమున చూపు నిలిపి, స్వామిలో లీనమయ్యెనని ప్రసిద్ధి. రూపమును చూచి పాట పుట్టినది. ఆ పాట రూపమును వదలి ఎగిరిపోలేదు, రూపమునందే ముగిసినది. చిత్రమునుండి పుట్టు సంగీతమునకు ఇంతకంటె ఉత్తమమైన లక్షణము చెప్పుట సాధ్యము కాదు. తాను విన్నవానిని మరల చిత్రము యొద్దకు, చిత్రముద్వారా స్వామి యొద్దకు పంపునది కైంకర్యము. తనయొద్దనే నిలిపికొనునది వినోదము. వినోదము పాపము కాదు. కాని దానిని కైంకర్యమనుకొనుట పొరపాటు.

మన విధి

కావున దైవచిత్రము ఎదుట కూర్చుండి సంగీతము కూర్చుట మన సంప్రదాయమునకు విరుద్ధము కాదు. వీణ, వాయులీనము, వేణువు నేర్చిన యువకులు శ్రీకూర్మపు గోడలయెదుట ఒక ప్రదక్షిణ కాలమైనను మౌనముగ నిలిచి, ఆ వర్ణములను మనసున నింపుకొని, ఇంటికి పోయి తమ వాద్యమును శ్రుతి చేసికొందురుగాక. బీబర్ ప్రతి చిత్రమునకు తీగలు మార్చినట్లు, వారును తమ అలవాటైన గమకములను కొంత విడిచి, చిత్రము ఏమి అడుగుచున్నదో విందురుగాక. వాయించిన నాడు ఆ చిత్రపు ప్రతిని ఎదుట నుంచి, ఇది ఏ గోడ మీదిదో శ్రోతలకు చెప్పుదురుగాక. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయపు విద్యార్థులకు ఈ గోడలు దగ్గరలోనే యున్నవి. ఏ చిత్రము ఎచ్చట నున్నది, ఎంత మిగిలినది అని వ్రాసిపెట్టుటయును ఒక కైంకర్యమే.

వాద్యము నేర్వని గృహస్థులకు విధి ఇంకను సులభము. గోడకు ఆనుకొనకుందుము. చిత్రమునకు కుంకుమ పూయకుందుము. పూజింపవలెనన్న కోరిక కలిగినచో చేతులు జోడించిన చాలును. దీపమును గోడకు ఎడముగా పెట్టుదుము. కర్పూరపు పొగ మన భక్తి యనుకొందుము గాని, గోడకు అది మసి. పిల్లలు పేర్లు గీయుచున్నచో మెల్లగా చేయి పట్టుకొని వారించి, ఆ గీయబోయిన తావున నున్న కథను చెప్పుదుము. ఒక్కసారి కథ తెలిసిన చేయి మరల దానిని గీయదు. వెలిసిన చిత్రముపై తోచిన రంగు పూయించుట, సున్నము వేయించుట కూడ సేవ కాదు. జీర్ణోద్ధారము తెలిసినవారిచే మాత్రము జరుగవలెను. దానికి ద్రవ్యము కావలసినప్పుడు, పూర్వులు అఖండదీపములకు దానములిచ్చి స్తంభములపై వ్రాయించినట్లు, మనమును ఒక గోడకు ఒక దీపపు పుణ్యము చెల్లింపవచ్చును. పేరు మాత్రము గోడపై వ్రాయించుకొనకుందుము.

ప్రదక్షిణమున నడచుచు ఆ మాసిన వర్ణములను చూచినప్పుడు, అక్కడ ఒక నాదమింకను మ్రోగుచున్నదని తలపోయుదము. చిత్రకారుని పేరు మనకు తెలియదు. కుంచె పట్టినప్పుడు అతడు కూనిరాగము తీసియేయుండును. ఆ పాట పోయినది, గోడ మిగిలినది. గోడకూడ పోకుండ చూచుట మన వంతు. కనబడక లోకమును మోసినవాడు, కనబడుటకై మన గోడపైకి దిగివచ్చెను. ఆ శ్రీకూర్మనాథుడు మన కన్నులకు ఓపికను, మన చెవులకు శ్రద్ధను, మన చేతులకు మెలకువను అనుగ్రహించుగాక!